అతిగా మానిన గాయం

అదే బల్ల. అదే చలి.
అదే నర్సు కెర్రీ, మణికట్టు మీద అదే దూది తడి.
భ్రమరాంబ అనే నా పేరును పోయిన అక్టోబరులోనే
"బ్రామ్" దాకా ఇరుకు చేసింది.
"మళ్ళీ వచ్చేశావా, బ్రామ్?" అంది,
కొట్టు కట్టేసే వేళ
ఉప్పు మరిచిపోయి తిరిగొచ్చిన మనిషిని అడిగినట్టు.

ఏడు నెలలు.
కిటికీకి అవతల వుల్వర్‌హాంప్టన్ వాన.
ఇవతల తెర మీద నా గుండె,
బూడిదరంగు పొగలో మూసి తెరుస్తున్న పిడికిలి.
రంగు మందు ఎక్కించగానే
నల్లటి ఏరొకటి దిగి, దిగి,
వాళ్ళు గొట్టం పెట్టిన చోటనే,
సరిగ్గా ఆ చోటనే
దారమైపోయింది.

"తుప్పు పట్టిందా?" అన్నాను.
బడి వంటింట్లో పదహారేళ్ళు కెటిల్ గార గీకినదాన్ని,
నాకు తెలిసిన అడ్డం అదొక్కటే.

డాక్టర్ పాస్కో మాస్కు వెనక నవ్వినట్టుంది.
"తుప్పు కాదు, గార కాదు. మానింది.
మరీ ఎక్కువగా మానింది."

మానడం కూడా ఎక్కువవుతుందా?
"మానిపోతుందిలే" అన్న మాటనే కదా
పిల్లల చెక్కుకున్న మోకాళ్ళకి మేం రోజూ రాసేది!

ఆమె చెప్పింది, నాకు అర్థమైనంత:
బుడగ ఊది, జల్లెడ గొట్టాన్ని గోడకి అదిమినప్పుడు
గోడకి దెబ్బ తగిలింది.
దెబ్బ దగ్గరికి కణాలు పరిగెత్తుకొచ్చాయి,
పురిటికి సాయమొచ్చిన చుట్టాల్లాగా.
చాప పరిచాయి. పని చేశాయి.
పని తీరాక చాలామంది ఒంట్లో
మూటలు కట్టుకుని సద్దుమణుగుతాయట.
నా ఒంట్లో రోజూ విందు,
నెత్తుటి నిండా పాకం.
లేచి వెళ్ళేదెవరు?
పిల్లల్ని కన్నాయి, ఆ పిల్లలు పిల్లల్ని.
జల్లెడ కన్నాల్లోంచి లోపలికి జరిగి జరిగి
నెత్తురు నడిచే వాకిట్లోనే మంచాలేసుకున్నాయి.

"గొట్టానికి మందు పూశారుగా?"
"పూశాం. చాలామందికి సరిపోతుంది.
షుగరున్నవాళ్ళలో కొందరికి సరిపోదు."
కొందరు. ఎంత చిన్న మాట,
అందులో నేను పట్టాను.

మూడు నెలల సగటు, డెబ్బై తొమ్మిది.
ఆ అంకె పక్కన ఏమీ రాయలేదు కాగితం మీద.
సంచి అడుగున, గొడుగు కింద సూదిని దాచి
ఇంటికెళ్ళాక పొడుచుకుందాంలే అనుకున్న మధ్యాహ్నాలు రాయలేదు.
కస్టర్డ్ రుచి చూడకుండా పిల్లలకెలా పోస్తాం?
రోజుకో గరిటె అంచు. అంచే కదా.
పదహారేళ్ళ అంచులు కలిపితే
ఒక పడవ నడుస్తుంది.

ఈసారి ఇనుము వద్దన్నారు.
మందు పూసిన బుడగ, ఒక్క నిమిషం.
ఆ నిమిషం నా రొమ్ము మీద ఎవడో
ఇటుకల బండి నిలిపి బీడీ ముట్టించుకున్నాడు.
కెర్రీ నా బొటనవేలు పట్టుకుని
తన మనవడు ముక్కు కుట్టించుకున్న కథ చెప్పింది.
కథ సగంలో ఉండగా
దారం ఏరయింది.

టిప్టన్‌లో మా ఇంటి వెనకే కాలవ.
రోజూ అరగంట నడవమన్నారు, నడుస్తున్నాను.
డెరెక్ అనే ముసలాయన పొడుగు పళ్ళ దంతెతో
నాచు లాగి గట్టున పోస్తుంటాడు.
మంగళవారం తీస్తే ఆదివారానికి మళ్ళీ పచ్చ దుప్పటేనట.
"ఎరువంతా కొట్టుకొచ్చి నీళ్ళు బలిసిపోయాయమ్మా.
నా దంతె ఏం చేస్తుంది?"

నేనేమీ అనలేదు.
మణికట్టు మీద పెసరగింజంత మచ్చ మానుతోంది.
దాని చెవిలో చెప్పినట్టు, మెల్లిగా,
చాలు, అన్నాను. ఇక్కడితో చాలు.

గురువారం మళ్ళీ పనిలోకెళ్ళాను.
సూది ఇప్పుడు గొడుగు పైన ఉంది.
గురువారమంటే కస్టర్డ్.
గరిటె ఎత్తితే అంచున పచ్చటి బొట్టు వేలాడింది.
పక్కనున్న జానిస్‌కి అందించాను.
చప్పరించి, "ఇంకొంచెం తీపి" అంది.

వేశాను.